ఇన్సులిన్ స్రావంపై పరిశోధన: ఎలుక ఐలెట్లా, ఐఎన్ఎస్-1 కణాలా?

ఐలెట్లంటే క్లోమంలో ఇన్సులిన్, ఇతర హార్మోన్లు స్రవించే కణాల గుంపులు. ఐఎన్ఎస్-1 అంటే ఎలుక ఇన్సులిన్ కణితి నుంచి వచ్చి, ల్యాబ్‌లో పెంచే కణాలు; కింద ‘కణాలు’ అంటే ఇవే.

ఖర్చు: కణాలకు ఆర్పీఎంఐ మీడియం (కణాలు పెరిగే పోషక ద్రావణం), 10% సీరం, 50 మైక్రోమోలార్ బీటా-మెర్కాప్టోఇథనాల్ ప్రధానం. ఐలెట్లకు ఎలుకల పోషణ, కొలాజినేజ్ (కణజాలాన్ని విడదీసే ఎంజైమ్), జంతు ప్రయోగాల నైతిక కమిటీ అనుమతి కావాలి.

శ్రమ: కణాలను ప్లేటులో వేస్తే పెరుగుతాయి. ఐలెట్లకు చెయ్యి తిరగాలి. పిత్తనాళం పేగులో కలిసే చోట బిగించి, నాళంలోకి చల్లటి కొలాజినేజ్ ఎక్కించాలి. క్లోమం ఉబ్బలేదంటే ద్రావణం లోపలికి సరిగా పోలేదన్నమాట. తర్వాత 37 డిగ్రీల దగ్గర జీర్ణం ఎక్కువైతే ఐలెట్లు చితికిపోతాయి. తక్కువైతే జీర్ణరసాలు స్రవించే ఎసినార్ కణజాలం ఐలెట్లను వదలదు. కొలాజినేజ్ లాట్ (తయారీ బ్యాచ్) మారిందా, ఆ సమయం మళ్లీ తేల్చుకోవాల్సిందే. మైక్రోస్కోపు కింద ఏరిన ఐలెట్లను రాత్రంతా కల్చర్‌లో ఉంచితే తేరుకుంటాయి.

ముప్పు: పాసేజీలు (కణాలను కొత్త ప్లేటులోకి మార్చిన సార్లు) పెరిగేకొద్దీ కణాల్లో గ్లూకోజ్ స్పందన మందగిస్తుంది. 2.8, 16.7 మిల్లీమోలార్ గ్లూకోజ్‌ల దగ్గర స్రావంలో తేడా ఉందో లేదో తరచూ చూడాలి. మైకోప్లాస్మా (కల్చర్‌లో చేరే బ్యాక్టీరియా) పరీక్ష మానొద్దు. ఐలెట్ల చిక్కు వేరు: సైజులు ఒక్కటిగా ఉండవు, అందుకే ఫలితాన్ని డీఎన్ఏ లేదా మొత్తం ఇన్సులిన్‌తో భాగించాలి.

ఏది ఎప్పుడు: జన్యువును అణచి చూడాలన్నా, మందులను వడపోయాలన్నా కణాలు. ఐలెట్లలోని ఆల్ఫా, డెల్టా అనే ఇతర హార్మోన్ కణాల ప్రభావమో, మధుమేహం వచ్చిన ఎలుక క్లోమమో ప్రశ్నైతే ఐలెట్లే. పీహెచ్‌డీ మొదట్లో కణాలతో మొదలుపెట్టడం మంచిదే. ఐలెట్లలో రుజువు కాని ఫలితాన్ని మాత్రం క్లోమం పనితీరుగా రాయకూడదు.