గడ్డి కంకులకు 250 కాదు, 150: రేనాక్స్ క్లోజప్ లెన్సుల రివ్యూ

దసరా నుంచి కార్తీకం చివరిదాకా అనంతపురం, కర్నూలు చుట్టుపక్కల గడ్డి ఫొటోలకు ఏడాదిలో ఇంతకన్నా మంచి కాలం లేదు. నైరుతి గాలుల జోరు తగ్గి ఉంటుంది. తుంగభద్ర ఒడ్డున రెల్లు తెల్లబడుతుంది. కోతకు రాని చేలల్లో కొర్ర కంకులు బరువుకి తలవంచుతాయి. బీళ్లలో ముల్లుగడ్డి ముదిరి రాగిరంగుకి తిరుగుతుంది. వీటిని దగ్గరగా తీయాలంటే వేలకు వేలు పోసి మాక్రో లెన్సు కొనాల్సిందేనా? చేతిలో 55-250 మిల్లీమీటర్ల లాంటి టెలి జూమ్ (దూరాన్ని దగ్గర చేసే లెన్సు) ఉంటే అక్కర్లేదు. దాని మూతికి తగిలించే రేనాక్స్ కంపెనీ క్లోజప్ లెన్సు డీసీఆర్-150 చాలు. పురుగుల ఫొటోలు చూసి మోజుపడి చాలామంది డీసీఆర్-250 కొంటారు. అది కూడా మంచి సరుకే, కానీ గడ్డికి పనికొచ్చేది 150.

రెండింటి కట్టడం ఒకటే. మూడు గాజు పలకల లెన్సు, దాన్ని పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్ అడాప్టర్, మూతలు, చిన్న డబ్బా పెట్టెలో వస్తాయి. రెండు పక్కలా ఉన్న మీటలు నొక్కి 52 నుంచి 67 మిల్లీమీటర్ల ఫిల్టర్ మర (లెన్సు మూతిలో ఫిల్టర్లు బిగించే చుట్లు) ఉన్న ఏ లెన్సుకైనా తగిలించొచ్చు. కానన్ 55-250కి మర 58 కాబట్టి ఇబ్బంది లేదు. తేడా అంతా పవర్‌లో ఉంది. దాన్ని డయాప్టర్లలో కొలుస్తారు, ఎక్కువైతే ఇంకా దగ్గరగా తీయొచ్చు. 150ది 4.8 డయాప్టర్లు, 250ది 8. జూమ్ లెన్సు ఫోకస్‌ని ఇన్ఫినిటీ (అతి దూరం) దగ్గర ఉంచితే 150 ముందు 208 మిల్లీమీటర్ల దూరంలో, అంటే సుమారు జానెడు దూరంలో ఫోకస్ పడుతుంది. 250కి ఆ దూరం 125 మిల్లీమీటర్లే.

వస్తువు అసలు సైజుకు ఎన్ని రెట్లుగా సెన్సర్ మీద పడుతుందో లెక్క తేలిక. జూమ్ ఫోకల్ లెంగ్త్‌ని ఆ దూరంతో భాగించడమే. 150తో జూమ్ 100 దగ్గర ఉంటే దాదాపు 0.5 రెట్లు, జూమ్ 250 దగ్గర ఉంటే 1.2 రెట్లు వస్తుంది. కానన్ క్రాప్ సెన్సర్ (ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) మీద 0.5 రెట్లంటే ఫ్రేములో సుమారు నాలుగున్నర సెంటీమీటర్ల వెడల్పు పడుతుంది. కొర్ర కంకి కొస, రెల్లు పాయ ఒకటి, ముల్లుగడ్డి మెలికలు పడిన ముళ్ల గుత్తి, అన్నీ ఈ కొలతలోనే అందంగా కూర్చుంటాయి. డీసీఆర్-250ని జూమ్ చివర వాడితే 2 రెట్లు వస్తుంది, ఫ్రేము వెడల్పు 11 మిల్లీమీటర్లకు పడిపోతుంది. అందులో గడ్డి ఆకారమే కనబడదు. పూరేకులు లేని ఆ చిన్న పూలలో వేలాడే పుప్పొడి తిత్తులు, ఈకల్లాంటి కీలాగ్రాలు తీయాలనుకున్నవాళ్లకే అది అవసరం. అవి చాలా గడ్లలో ఉదయం పూట మాత్రమే తాజాగా ఉంటాయి.

ఇక ఫోకస్ లోతు, అంటే ముందు నుంచి వెనక్కి స్పష్టంగా పడే మందం. క్రాప్ సెన్సర్ మీద ఎఫ్/11 (లెన్సు రంధ్రం సైజు, అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది) పెడితే 0.5 రెట్ల దగ్గర రెండు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ లోతు దొరుకుతుంది. 1.2 రెట్లకు అది మిల్లీమీటరులో మూడోవంతు. 2 రెట్లకు మిల్లీమీటరులో పదోవంతు పైచిలుకు, అంతే. కాబట్టి కంకి పొడవు కెమెరా సెన్సర్‌కి సమాంతరంగా ఉండేలా చూసుకోవడం ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైన పని. ముందు నుంచి చూస్తే సరిగ్గానే అనిపిస్తుంది. పక్కకు వెళ్లి కంటి ఎత్తులో కంకినీ కెమెరా వీపునీ కలిపి చూస్తేనే వంకర తెలుస్తుంది. కెమెరాకీ లెన్సుకీ మధ్య పెట్టే ఎక్స్‌టెన్షన్ ట్యూబులతో పోలిస్తే ఈ లెన్సులకు ఒక పెద్ద లాభం ఉంది: ఇన్ఫినిటీ దగ్గర వాడినప్పుడు లైటు తగ్గదు. ఎఫ్/11 అని పెడితే సెన్సర్‌కి అందేది ఎఫ్/11 లైటే. పొద్దున్నే షట్టర్ స్పీడు కోసం వెతుక్కునే చోట అది బాగా కలిసొస్తుంది.

మన దగ్గర గడ్డి ఫొటోని పాడుచేసేది మొదట గాలే. రామగిరి గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. సెకనుకు రెండు సెంటీమీటర్ల మెల్లని ఊపు ఊగే కంకి కూడా 1/250 సెకనులో 0.08 మిల్లీమీటర్లు జరుగుతుంది. 0.5 రెట్ల దగ్గర అది సెన్సర్ మీద 0.04 మిల్లీమీటర్లు, 24 మెగాపిక్సెల్ క్రాప్ కెమెరాలో పది పిక్సెళ్లు. అదే ఊపు 2 రెట్ల దగ్గర నలభై పిక్సెళ్ల మసక అవుతుంది. 150 వైపు మొగ్గడానికి ఇదే అసలు కారణం. లెన్సుల్లో ఉండే ఐఎస్, వీఆర్ లాంటి స్టెబిలైజర్లు చేతి వణుకును ఆపుతాయి, గడ్డి ఊపును ఆపలేవు. సైకిల్ చక్రం పుల్లను నేలలో గుచ్చి, దాని కొసకు బట్టల క్లిప్పు కట్టి, కాడను కంకికి ఒక జానెడు కింద మెత్తగా పట్టించాలి. గట్టిగా బిగిస్తే కాడ నలిగి కంకి తల వాలుస్తుంది. గాలి వచ్చే వైపు గొడుగు తెరిచి పెట్టాలి. అయినా ఊగితే, కాడ ఒక కొసకు పోయి వెనక్కి మళ్లే క్షణంలో మీట నొక్కాలి. అక్కడ వేగం సున్నా. అక్టోబరు చివర సూర్యోదయం ఆరుంబావు ప్రాంతంలో. అప్పటి నుంచి గంట, గంటన్నర లోపల పని ముగించుకోవడం మేలు.

నాణ్యత తేల్చే పరీక్ష రెల్లు దూది. వెలుగుకు ఎదురుగా, నల్లటి నేపథ్యం ముందు, ఆ పట్టువెంట్రుకలు ప్రతి లెన్సు లోపాన్నీ బయటపెడతాయి. నాలుగు ముక్కల సెట్టుగా చవగ్గా దొరికే ఒంటి గాజు క్లోజప్ ఫిల్టర్లలో ప్లస్ 10 (పది డయాప్టర్లు) దాన్ని పెట్టి చూడండి, ప్రతి వెంట్రుకకీ ఒక పక్క ఊదా, ఇంకో పక్క ఆకుపచ్చ అంచు వస్తుంది. మూలలు కరిగిపోతాయి. డీసీఆర్-150తో వెంట్రుక వెంట్రుకగానే ఉంటుంది. ఎఫ్/8 నుంచి ఎఫ్/11 దాకా మధ్యలోనే కాదు, అంచుల దగ్గర కూడా బాగుంటుంది. ఎదురు వెలుగులో మాత్రం ముందు గాజు మీద ఎండ పడితే ఫొటో పాలిపోతుంది. ముందు మర 49 మిల్లీమీటర్లు కాబట్టి ఎండను అడ్డుకునే ఆ సైజు రబ్బరు హుడ్ బిగించుకోవచ్చు. అది తప్పకుండా కొనాల్సిన వస్తువు.

తెల్ల రెల్లు వెనక కర్నూలు నల్లరేగడి ఉంటే కెమెరా లైటు మీటరు మోసపోయి దూదిని కాల్చేస్తుంది. ఎక్స్‌పోజరు మైనస్ 0.7 నుంచి మైనస్ 1కి తగ్గించాలి. వెనక ఆకాశం ఉంటే ప్లస్ 1. అనంతపురం ఎర్రనేల, ముఖ్యంగా పొద్దుటి ఎండ పడినప్పుడు, నేపథ్యానికి ఇచ్చే వెచ్చని రంగు ఏ తెర కట్టినా రాదు. కంకికీ నేలకీ మధ్య కనీసం మీటరు ఎడం ఉండేలా, కెమెరా బాగా కిందికి దింపి అడ్డంగా తీస్తే అది మెత్తగా పరుచుకుంటుంది. దింపడానికి ట్రైపాడ్ కన్నా గుడ్డ సంచిలో నింపిన కొర్రలు లేదా రాగులు నయం. ఇసుక బరువు, పైగా సంచి చిరిగితే దుమ్ము కెమెరాలోకి చేరుతుంది. కెమెరాతో వచ్చే ఫ్లాష్ వాడొద్దు. లెన్సు నీడే కంకి మీద పడుతుంది. నీడ వైపు తెల్ల థర్మోకోల్ ముక్క పెడితే చాలు.

ముల్లుగడ్డి గురించి ఒక హెచ్చరిక. శాస్త్రనామం హెటిరోపోగాన్ కంటార్టస్, గొర్రెల ఉన్నిలో, ప్యాంటు అంచుల్లో గుచ్చుకునేది ఇదే. దీని గింజల తోకలు ఎండితే మెలితిరుగుతాయి, తడిస్తే విప్పుకుంటాయి. మంచు ఆరుతున్న వేళ పది ఫ్రేములు తీసి ఫోకస్ స్టాకింగ్ (ఫోకస్ మారుస్తూ తీసినవాటిని ఒక్కటిగా కలపడం) చేస్తే ఏ రెండు ఫ్రేముల్లోనూ తోక ఒకే చోట ఉండదు. కంప్యూటర్‌లో కలిపితే జంట గీతలు వస్తాయి. గాలి లేకపోయినా ఇలాగే జరుగుతుంది. కాబట్టి ఎండ తగలకముందే స్టాక్ ముగించాలి, లేదా ఎఫ్/16 దగ్గర ఒకే ఫ్రేముతో సరిపెట్టుకోవాలి. రెండోదే మేలు.

లోపాలూ ఉన్నాయి. దీన్ని తగిలించాక జానెడు దాటి ఏదీ ఫోకస్ కాదు. పక్కనున్న రెల్లు దిబ్బ మొత్తం తీయాలంటే ఊడదీయాల్సిందే. మాక్రో లెన్సుకి ఈ బాధ లేదు. జూమ్ 55 దగ్గర మూలలు నల్లబడతాయి, ముందుకు జరిపేకొద్దీ పోతాయి. ఆటోఫోకస్ సన్నని కాడ మీద నిలవక అటూ ఇటూ వెతుకుతుంది. దాన్ని ఆపేసి, లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెర మీద, 10 రెట్లు పెద్దది చేసి, కెమెరానే ముందుకీ వెనక్కీ జరపాలి. ఫోకస్ రింగు తిప్పడం వల్ల వచ్చే మార్పు తక్కువ.

అన్నిటికన్నా బలహీనమైంది ఆ క్లిప్పే. పట్టు లెన్సు మర లోపలి అంచు మీదే. మోచేయి తగిలినా ఊడి పడుతుంది, పడితే రాళ్ల మీదే. డీసీఆర్-150 వెనక మర 43 మిల్లీమీటర్లు. 58 నుంచి 43కి స్టెప్‌డౌన్ రింగు (పెద్ద మరను చిన్న మరకు కలిపేది) కొని నేరుగా మరలో బిగిస్తే ఆ భయం ఉండదు. 52 మర ఉన్న లెన్సుకైతే 52 నుంచి 43 రింగు. బిగించేముందు రెండు మరల్లోనూ ఇసుక రేణువు లేకుండా బ్లోయరుతో ఊదాలి, లేదంటే ఇత్తడి రింగైనా సరే పట్టేసుకుని ఊడిరాదు.