మళ్లీ తెల్ల బెల్టు నుంచి: కాలేజీ తైక్వాండో క్లబ్‌లో రెండున్నరేళ్లు

కావలిలో ఆరో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా తైక్వాండో నేర్చుకున్నాను. గ్రీన్ బెల్టు వచ్చింది. తొమ్మిదిలోకి రాగానే టెన్త్ దగ్గరపడిందని ఇంట్లో మాన్పించారు. ఆ తర్వాత నెల్లూరులో హాస్టల్, ఇంటర్, ఇంజినీరింగ్ ఎంట్రన్స్. నాలుగేళ్ల పాటు ఒక్కసారి కూడా కాలు ఎత్తలేదు. నెల్లూరు దగ్గరే ఇంజినీరింగ్‌లో చేరాక, మొదటి నెలలోనే నోటీసు బోర్డు మీద క్లబ్ కాగితం చూసి పేరు ఇచ్చాను. ఇప్పుడు మూడో సంవత్సరం చివర్లో ఉన్నాను. నడుముకు గ్రీన్ తర్వాత వచ్చే బ్లూ బెల్టు ఉంది.

మొదటి రోజు సార్ అడిగారు. "ఎన్నేళ్లయింది పాపా మానేసి?"

"నాలుగేళ్లు సార్."

"అయితే ఆ గ్రీన్ బెల్టు ఇంట్లో భద్రంగా పెట్టుకో. ఇక్కడ తెల్ల బెల్టు కట్టుకుని ఆఖరి వరసలో నిలబడు."

నిజం చెప్పాలంటే ఆ రాత్రి ఏడ్చాను. మూడేళ్లు కష్టపడి తెచ్చుకున్నదాన్ని ఒక్క మాటతో తీసేశారనిపించింది. అమ్మకు ఫోన్ చేస్తే, "ఇష్టం లేకపోతే మానేయి, చదువుకో" అంది. ఆ మాట వినగానే మానకూడదని గట్టిగా అనుకున్నాను.

సార్ చేసింది సరైన పనేనని రెండో వారంలో నా కాలే నాకు చెప్పింది. టార్గెట్ ప్యాడ్ మీద డోల్యో చాగి, అంటే పక్కనుంచి తిప్పి కొట్టే కిక్కు, కొడుతున్నాం. పక్కనున్న వాళ్లందరూ నడుము ఎత్తులో కొడుతుంటే, నేను చిన్నప్పటి అలవాటు కొద్దీ తల ఎత్తుకు కాలు విసిరాను. తొడ వెనక కండరం పట్టేసింది. మూడు వారాలు మెట్లు ఎక్కడానికే ఇబ్బంది పడ్డాను.

ఈ కిక్కులో కాలు విసరడం ఆఖరి పని. ముందు మోకాలు పైకి రావాలి. ఆ సమయంలోనే నేల మీదున్న పాదం తిరిగి, మడమ ఎదుటి మనిషి వైపు రావాలి. పాదం తిరిగితేనే తుంటి తిరుగుతుంది, తుంటి తిరిగితేనే కాలు చాచుకోవడానికి దారి దొరుకుతుంది. పన్నెండేళ్ల వయసులో నా పాదం సరిగా తిరగకపోయినా ఒళ్లు మెత్తగా ఉండేది కాబట్టి సాగిపోయింది. పద్దెనిమిదేళ్లకు, రోజంతా బెంచీ మీద కూర్చున్న శరీరంతో అది కుదరలేదు. కిక్కు ఎలా ఉండాలో తలకు బాగా గుర్తుంది, కాళ్లకు అసలు గుర్తులేదు. మళ్లీ మొదలుపెట్టే వాళ్లకు దెబ్బలు తగిలేది ఇక్కడే. అందుకే మధ్యలో మానేసి వచ్చేవాళ్లకు నా సలహా ఒక్కటే. మొదటి రెండు నెలలు నడుము దాటి కాలు ఎత్తకండి. ఎవరు ఎంత ఉత్సాహపరిచినా సరే.

ఏమీ రాకుండా చేరిన వాళ్లకు ఈ బాధ లేదు. నాతోపాటు చేరిన ఉదయగిరి వైపు అమ్మాయి అంతకుముందు ఏ ఆటా ఆడలేదు. సార్ చెప్పింది చెప్పినట్టు చేసేది. ఆరు నెలలకు పూమ్సేలో, అంటే ఒక వరసలో చేసే కదలికల్లో, నన్ను దాటిపోయింది. నేను మాత్రం చిన్నప్పుడు పట్టిన తప్పులు ఒక్కోటీ వదిలించుకోవడానికే ఏడాది తీసుకున్నాను.

కొత్తవాళ్లకు మొదటి మూడు నెలలు ఇలా ఉంటుంది. ముందు కొరియన్ ఆదేశాలు: ఛర్యోత్ అంటే నిటారుగా నిలబడటం, క్యోంగ్నే అంటే వంగి నమస్కరించడం, జున్బీ అంటే సిద్ధం కావడం. లెక్క కూడా కొరియన్‌లోనే: హానా, దుల్, సెత్, నెత్. వారంలో నోటికి వచ్చేస్తాయి. తర్వాత నిలబడే పద్ధతులు, కింది దెబ్బను ఆపే ఆరే మాక్కి, ముందుకు తన్నే ఆప్ చాగి. ఆపైన మొదటి పూమ్సే, తేగుక్ ఇల్ జాంగ్. అందులో 18 కదలికలు, చివరి పంచ్‌కు గట్టిగా అరుపు. ఆడపిల్లలం చాలామందిమి ఆ అరుపు దగ్గరే ఆగిపోతాం. గట్టిగా మాట్లాడితేనే తప్పుపట్టే ఇళ్ల నుంచి వచ్చాం మరి. నాకు గొంతు తెరుచుకోవడానికి నెల పట్టింది. ఆ రోజు సీనియర్ అక్క వచ్చి భుజం తట్టడం ఇప్పటికీ గుర్తుంది.

ఆ అక్క లేకపోతే మా క్లబ్‌లో అమ్మాయిలు మిగిలేవాళ్లు కాదేమో. మాకు లేడీ కోచ్ లేరు. స్ట్రెచింగ్‌లో కాలు పట్టుకుని ఎత్తాల్సి వస్తే అమ్మాయిలకు అమ్మాయిలే పట్టాలని మొదటి రోజే నియమం పెట్టింది తనే. సార్ కూడా ఎవరి భంగిమనైనా దిద్దాలంటే చేతిలో ప్యాడ్‌తోనే చూపిస్తారు, చెయ్యి వెయ్యరు. మీరు చేరబోయే చోట ఈ విషయం తప్పకుండా గమనించండి. ఒక క్లాసు పక్కన కూర్చుని చూస్తే తెలిసిపోతుంది.

వసతుల గురించి. మాకు మ్యాట్లు తక్కువ. అందరికీ సరిపోవు కాబట్టి కొత్తవాళ్లు మట్టి గ్రౌండ్‌లోనే చేస్తారు. ఇండోర్ హాలు ఉంది గానీ ఎప్పుడూ ఏదో ఒక మీటింగ్‌కు పోతుంది. దీని మీద మేం మూడుసార్లు అర్జీ ఇచ్చాం. ఇంకా ఏమీ కాలేదు. మా జిల్లాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కదా, ఆ నెలల్లో గ్రౌండ్ చెరువైపోతుంది. మొదటి సంవత్సరం నవంబరులో హాస్టల్ వరండాలో, తడి గచ్చు మీద చేశాం. ఒకబ్బాయి జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. అప్పటి నుంచి గచ్చు తడిగా ఉంటే కిక్కులు ఆపేసి, చేతుల పని, పూమ్సే మాత్రమే చేస్తున్నాం. ఈ జాగ్రత్త ముందే తీసుకుని ఉండాల్సింది.

ఎండాకాలంలో సాయంత్రం ఐదింటికి కూడా నేల కాలుతుంది. మార్చి నుంచి పొద్దున ఐదున్నరకు మారుస్తాం. హాస్టల్ వాళ్లకు బాగానే ఉంటుంది. కోవూరు, బుచ్చి నుంచి కాలేజీ బస్సులో వచ్చే వాళ్లకు మాత్రం ఆ మూడు నెలలు క్లాసు లేనట్టే. వాళ్లలో చాలామంది అక్కడే మానేస్తారు. మా బ్యాచ్‌లో మొదటి వారం నలభై మంది దాకా వచ్చారు. మొదటి మిడ్ పరీక్షలకు సగమయ్యాం. రెండో సంవత్సరానికి మిగిలింది తొమ్మిది మంది.

సొంతంగా కొనుక్కోవాల్సినవి కొన్ని ఉన్నాయి. డ్రెస్సు ఎలాగూ తప్పదు. టీత్ గార్డ్ ఎవరిదీ వాడకూడదు, సొంతది ఉండాలి. షిన్ గార్డ్, లోపల వేసుకునే గ్రోయిన్ గార్డ్ కూడా అంతే. చెస్ట్ గార్డ్, హెడ్ గార్డ్ క్లబ్‌వే వాడుకోవచ్చు. వాడాక ఎండలో ఆరేసి పెట్టండి, లేకపోతే చర్మం మీద పొక్కులు వస్తాయి. నాకు వచ్చాయి.

ఫైట్లు నాకు బాగా నచ్చిన భాగం. ఛాతీ మీద పంచ్‌కు 1 పాయింటు, కిక్కుకు 2, తల మీద కిక్కుకు 3. ఒళ్లు తిరిగి కొట్టే కిక్కు ఛాతీకి తగిలితే 4, తలకు తగిలితే 5. మనం తప్పు చేస్తే ఎదుటివాళ్లకు ఒక పాయింటు వస్తుంది. మూడు రౌండ్లలో రెండు గెలిచినవాళ్లదే ఫైట్. మా క్లబ్‌లో చేతి లెక్కతోనే పాయింట్లు ఇస్తాం. వేరే ఊళ్లో ఒక పోటీకి వెళ్లినప్పుడు మొదటిసారి సెన్సర్లున్న చెస్ట్ గార్డ్ వేసుకున్నాను. ఇక్కడైతే పాయింటు అనిపించే కిక్కులు అక్కడ పలకలేదు. పాదం సరిగ్గా తగలాలి, తగినంత బలం ఉండాలి. రెండు రౌండ్లూ పోయాయి. పోటీలకు వెళ్లాలనే కోరిక ఉన్నవాళ్లు, అలాంటి గార్డ్‌లున్న చోట నెలకోసారైనా ప్రాక్టీస్ చేయడం అవసరం.

ఆత్మరక్షణ కోసమే చేరాలనుకునే అమ్మాయిలు అడుగుతుంటారు. ధైర్యం వస్తుంది, దూరం అంచనా వేయడం వస్తుంది, దెబ్బ తగిలితే బిత్తరపోకుండా ఉండటం వస్తుంది. కానీ ఇది నియమాలున్న ఆట. ముఖం మీద పంచ్ లేదు, పట్టుకుంటే తప్పు. ఎవరైనా చెయ్యి పట్టుకుంటే విడిపించుకోవడం క్లాసులో విడిగా నేర్పమని అడగాలి. మేం అడిగితే సార్ శనివారాలు నేర్పారు.

సర్టిఫికెట్ల విషయంలో మాత్రం నాలా మోసపోకండి. చిన్నప్పుడు నేను నేర్చుకున్న చోట ప్రతి గ్రేడింగ్‌కూ, అంటే బెల్టు మారే పరీక్షకు, డబ్బు తీసుకున్నారు, రంగు రంగుల కాగితాలు ఇచ్చారు. వాటిలో ఒక్కదానికీ ఎక్కడా రికార్డు లేదు. నాన్న జీతంలోంచి కట్టిన డబ్బు అది, తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. మన దేశంలో తైక్వాండో పేరుతో ఒకటి కంటే ఎక్కువ సంఘాలు నడుస్తున్నాయి. బ్లాక్ బెల్టుకు కొరియాలోని తైక్వాండో ప్రధాన కేంద్రం కుక్కివోన్ ఇచ్చే దాన్ (బ్లాక్ బెల్టు స్థాయి) సర్టిఫికెట్ వస్తుందా, సార్‌కు స్వయంగా అది ఉందా అని చేరేముందే అడగండి. మర్యాదగా అడిగితే నిజమైన కోచ్ ఎవరూ నొచ్చుకోరు. మా సార్ తనది ఫోన్‌లో తీసి చూపించారు.

రెండో సంవత్సరంలో మళ్లీ గ్రీన్ బెల్టు వచ్చింది. పండక్కి ఇంటికెళ్లి పాతది బయటికి తీశాను. నడుము చుట్టూ రెండు చుట్లు తిరగలేదు. ఈసారి వచ్చిన బెల్టు నాదని నమ్మకంగా అనిపించింది, ఎందుకంటే ఆ రోజు గ్రేడింగ్‌లో నా పాదం ప్రతి కిక్కుకూ తిరిగింది.

ఈ ఏడాది చేరాలనుకునేవాళ్లు క్లాసులు మొదలైన వెంటనే వచ్చేయండి, దసరా దాకా ఆగొద్దు. అప్పటికి వానలు వచ్చేస్తాయి. వరండాలో కొత్తవాళ్లకు కాలు తిప్పడానికి కూడా చోటుండదు.