అరవైల చివరి పాటలకు ఏ ప్లేలిస్టు మేలు?

అరవైల చివర వచ్చిన తెలుగు సినిమా పాటలు వినాలనుకునేవారికి ముందే చెబుతున్నాను. ‘వెన్నెల పాటలు’, ‘విరహ గీతాలు’, ‘వాన పాటలు’ అంటూ భావాన్ని బట్టి కూర్చిన ప్లేలిస్టుల జోలికి వెళ్లకండి. విడుదలైన ఏడాదిని బట్టి కూర్చినవే వినండి. ఏళ్ల తరబడి రెండు రకాలూ విని, ‘జనరంజని’తో పెరిగిన మా రేడియో మిత్రుల అభిప్రాయాలతో పోల్చి చూసుకున్నాకే ఈ మాట అంటున్నాను.

భావాల జాబితాలు కూర్చేవారు పల్లవి దాటి వినరేమో అనిపిస్తుంది. ‘ఇది మల్లెలవేళయనీ’నే తీసుకోండి. 1968 నాటి ‘సుఖదుఃఖాలు’ చిత్రానికి దేవులపల్లి కృష్ణశాస్త్రి రాశారు, ఎస్.పి. కోదండపాణి స్వరపరిచారు. మల్లెలు, వెన్నెల అన్న మాటలున్నాయి కదా అని దాన్ని తెచ్చి హుషారైన యుగళగీతాల మధ్య పెడతారు. నిజానికి అది వసంతం వచ్చేసిందని తొందరపడి కూసిన కోయిల కథ. ఎండల సంగతీ వానల సంగతీ ఎరగని ఆ కోయిల చివరికి రెక్కలు చిరిగి నేలకొరుగుతుంది. సుశీల గొంతులో ఆ మాట విన్నాక కాసేపు మరో పాట వినబుద్ధి కాదు. ఆ వెంటనే సరసాల పాట మొదలైతే ప్రాణం ఉసూరుమంటుంది.

ఏడాది వారీ జాబితాలో ఈ బాధ లేదు. పైగా సంగీతం ఎటు మలుపు తిరుగుతోందో చెవికే తెలిసిపోతుంది. 1967 ఒక్కటి చాలు. ‘భక్త ప్రహ్లాద’లో నారదుడి వేషం కట్టి తన పాటలు తానే పాడుకున్న బాలమురళీకృష్ణ, ‘రహస్యం’లో మల్లాది రామకృష్ణశాస్త్రి రచనకు ఘంటసాల బాణీ కట్టిన ‘గిరిజా కల్యాణం’, బాపు ‘సాక్షి’కి మహదేవన్ సంగీతం, అన్నీ ఆ ఏటివే. ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’తో బాలసుబ్రహ్మణ్యం గొంతు మొదటిసారి వినబడిందీ అప్పుడే. ఆ తొలి పాటలో ఆయన పక్కన సుశీల, పి.బి. శ్రీనివాస్, రఘురామయ్య ఉన్నారు. హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి. ఇంకా లేత గొంతు. అంతటి పెద్దల మధ్య పదం పదం ఆచితూచి పలుకుతున్నట్టుంటుంది. అక్కడి నుంచి 1969 జాబితాకు వస్తే, ‘ఏకవీర’లో కృష్ణశాస్త్రి రాసిన ‘ప్రతి రాత్రి వసంత రాత్రి’లో అదే యువకుడు ఘంటసాలతో గొంతు కలిపి పాడుతున్నాడు. రెండేళ్లలో ఎంత ఎదిగాడో ఏ వ్యాసం చదివినా ఇంత బాగా తెలియదు.

నేను వాడే యాప్ మీద మాత్రం నాకు గట్టి ఫిర్యాదే ఉంది. పాట వివరాల్లో సినిమా పేరు, హీరో బొమ్మ ఉంటాయి గానీ రచయిత పేరు చాలా పాటలకు కనబడదు. ఆకాశవాణిలో అనౌన్సరు చిత్రం పేరు, రచన, సంగీతం, గానం అన్నీ చెప్పాకే పాట వేసేవారు. ఆరుద్ర, దాశరథి, కొసరాజు, సినారె ఎవరి ధోరణి ఏమిటో మాకు అలా వినీ వినీ ఒంటబట్టింది. కవి పేరు చెప్పకుండా పాట వినిపించడం నా దృష్టిలో అన్యాయం. ‘గిరిజా కల్యాణం’ లాంటి పెద్ద రచనను నిడివి ఎక్కువని చాలా జాబితాల్లో చేర్చనే చేర్చరు. అది లేని 1967 జాబితాను నేను లెక్కలోకి తీసుకోను.

ధ్వని విషయంలో మరో జాగ్రత్త అవసరం. మోనోలో రికార్డయిన పాటలకు కొత్తగా ప్రతిధ్వని, అదనపు తాళం చేర్చిన రూపాలు కొన్ని తిరుగుతున్నాయి. వాటిలో వీణ, వేణువు వెనక్కి పోయి దరువు ఒక్కటే చెవిన పడుతుంది. ఒకే పాట రెండు మూడు చోట్ల ఉంటే మొదటి అరనిమిషం పోల్చి చూసి, సన్నగా గరగర వినిపించేదాన్నే ఎంచుకోండి. గొంతు అందులోనే నిండుగా ఉంటుంది.

రాగాల వారీ జాబితాలు నేర్చుకునేవారికి పనికొస్తాయి, తీరిగ్గా వినడానికి కాదు. వరుసగా అన్నీ మోహన రాగంలోనే వింటే ఎంతటివారికైనా మొహం మొత్తుతుంది. కొత్తగా మొదలుపెట్టేవారు 1967, 1969 జాబితాలను ఆ వరుసలోనే వినండి, షఫుల్ ఆపేసి.