దొరకని హంతకుడి వెంట: ‘మెమరీస్ ఆఫ్ మర్డర్’ సమీక్ష

నల్లగొండలో పోలీసు కథల సినిమాలకు ప్రేక్షకుల కొరత ఎప్పుడూ లేదు. కాకపోతే చివర్లో హంతకుడి చేతికి బేడీలు పడితేనే టికెట్టు డబ్బులు గిట్టాయని అనుకోవడం మనకు అలవాటు. బాంగ్ జూన్ హో 2003లో తీసిన ఈ దక్షిణ కొరియా చిత్రం ఆ అలవాటును లెక్కచేయదు. 1986 నుంచి 1991 వరకు హ్వాసాంగ్ ప్రాంతంలో పదిమంది మహిళలు హత్యకు గురైన నిజ ఉదంతం దీనికి ఆధారం. సినిమా విడుదలయ్యేనాటికి హంతకుడెవరో ఎవరికీ తెలియదు.

కథ పండిన వరిచేల నడుమ మొదలవుతుంది. సాగర్ ఎడమకాలువ కింద పొలాలు చూసినవారికి ఆ చోటు పరాయిదనిపించదు. కాలువపై కప్పిన బండ కింద శవం ఉంటుంది; సాంగ్ కాంగ్ హో పోషించిన స్థానిక డిటెక్టివ్ వంగి చూస్తుంటే, పక్కనే ఉన్న పిల్లవాడు అతడు అన్నదల్లా వెక్కిరిస్తూ తిరిగి అంటుంటాడు. మరో శవం దొరికినచోట ఊరంతా గుమిగూడుతుంది, అధికారులు గట్టు మీద కాలు జారి పడుతుంటారు, దొరికిన ఒకే ఒక్క పాదముద్రను ఎవరూ తొక్కవద్దని డిటెక్టివ్ అరుస్తుండగానే ట్రాక్టరు దాని మీదుగా వెళ్లిపోతుంది. ఎక్కడా కోత లేకుండా సాగే ఈ ఒక్క దృశ్యం దర్యాప్తు ఎందుకు చెడిందో పూర్తిగా చెప్పేస్తుంది.

ఆధారం పోయాక పోలీసులకు మిగిలేది లాఠీ. బుద్ధిమాంద్యం ఉన్న యువకుణ్ణి కొట్టి ఒప్పించడం, అతని బూటుతో దొంగ పాదముద్ర తయారుచేయడం చూస్తే ఒళ్లు మండుతుంది. సియోల్ నుంచి వచ్చిన డిటెక్టివ్ మొదట కాగితాలనే నమ్ముతాడు. చివరికి వచ్చేసరికి అతనికీ నిగ్రహం పోతుంది. వానపడే రాత్రి, రేడియోలో హత్యలు జరిగిన రాత్రుల్లో వినిపించిన అదే పాట, మరో హత్య జరగబోతోందన్న భయం: అప్పుడు గాలింపుకు బలగాలు కావాలని అడిగితే, అవి ప్రదర్శనకారులను అణచడానికి వెళ్లాయన్న జవాబు వస్తుంది. ఆనాటి ప్రభుత్వంపై ఇంతకన్నా పదునైన విమర్శ అవసరం లేదు.

లోపాలు లేకపోలేదు. రేడియో పాట ఆధారాన్ని కనిపెట్టేది మహిళా పోలీసే అయినా, ఆమె మనిషిగా మనకు చేరువ కాదు. మొదటి గంటలో తన్నుల చుట్టూ అల్లిన హాస్యం కూడా కాస్త ఎక్కువైంది.

2019లో హాజీపూర్ పాడుబావుల్లో ముగ్గురు బాలికల మృతదేహాలు బయటపడిన కేసు ఈ ప్రాంతంవారికి తెలిసినదే. అక్కడ నిందితుడు దొరికాడు, 2020 ఫిబ్రవరిలో నల్లగొండ కోర్టు మరణశిక్ష విధించింది. హ్వాసాంగ్ కేసులో మాత్రం, అదే 2019లో, డీఎన్‌ఏ పరీక్ష వల్ల హంతకుడెవరో తేలింది. అప్పటికే అతడు మరో హత్య కేసులో జైల్లో ఉన్నాడు. ఎనిమిదో హత్యను అన్యాయంగా మోపడంతో దాదాపు ఇరవై ఏళ్లు జైలు అనుభవించిన వ్యక్తిని 2020 డిసెంబరులో నిర్దోషిగా ప్రకటించారు. ఈ సంగతి తెలిసి చూస్తే, విచారణ గదిలోని ఆ తన్నుల హాస్యానికి నవ్వు రాదు.

కొరియా భాషలోనే, సబ్‌టైటిళ్లు చదువుకుంటూ చూడడం మేలు. శవాల దృశ్యాలు నిర్మొహమాటంగా ఉంటాయి కాబట్టి పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకోవద్దు.