మిచిగన్‌లో డెక్ వేయిస్తున్నారా? గోతులు కొలవకుండా కాంక్రీట్ పోయనివ్వకండి

డెట్రాయిట్ చుట్టుపక్కల ఇళ్లు కొన్న మనవాళ్లు చాలామంది ఇప్పుడు డెక్ (ఇంటికి ఆనించి వేసే చెక్క అరుగు) కోసం కొటేషన్లు తీసుకుంటున్నారు. అడ్వాన్స్ ఇచ్చేముందు దయచేసి ఇది చదవండి.

మాకు పని చేసిన కాంట్రాక్టర్ పైన పరిచే పలకల గురించి, రెయిలింగ్ రంగు గురించి బోలెడు చెప్పాడు. స్తంభాలు దేని మీద నిలబడతాయని అడిగితే మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశాడు: "సిమెంట్ బ్లాకులు పెడతాం, పర్మిట్ కూడా అక్కర్లేదు." చలికాలం దాటేసరికి ఇంటికి దూరంగా ఉన్న మూల పైకి లేచింది. మెట్లు ఒరిగాయి, రెయిలింగ్ అతుకులు విడిపోయాయి. ఫోన్ చేస్తే "చెక్క అన్నాక కదులుతుంది" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడమే మానేశాడు.

కదిలింది చెక్క కాదు, నేల. ఇక్కడి చలికి మట్టిలోని తేమ గడ్డకట్టి ఉబ్బుతుంది. అందుకే మిచిగన్‌లో ఫుటింగ్ (స్తంభం కింద నేలలో పోసే కాంక్రీట్ పునాది) అడుగు 42 అంగుళాల లోతుకు వెళ్లాలి. ఇంటి పునాది అంతకంటే కిందే ఉంటుంది కాబట్టి ఇల్లు కదలదు. పైపైన పెట్టిన బ్లాకు మాత్రం మట్టితో పాటే లేస్తుంది. ఇంటికి బోల్టులతో బిగించిన డెక్‌కి ఒక వైపు కదలకుండా ఉండి, రెండో వైపు లేస్తే ఏమవుతుందో ఊహించండి. నేలకు దగ్గరగా, ఇంటికి తగలకుండా విడిగా వేసుకునే చిన్న డెక్‌కి బ్లాకులు పనికొస్తాయి. ఇంటికి ఆనించిన డెక్‌కి అవి అంటగట్టడం మోసమే.

మెట్ల దగ్గరి స్తంభాలనైతే నేరుగా కాంక్రీట్‌లో పాతేశాడు. అలా చేస్తే నీళ్లు చుట్టూ నిలిచి చెక్క కింది నుంచే కుళ్లుతుంది. కాంక్రీట్‌లో బోల్టు దింపి, దాని మీద ఇనప బేస్ బిగించి, స్తంభం కాంక్రీట్‌కి అంగుళం ఎత్తున నిలబడేలా చేయాలి. ఆ బేస్, మేకులు, స్క్రూలు అన్నీ హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింక్‌లో ముంచి తీసినవి) లేదా స్టెయిన్‌లెస్ అయి ఉండాలి. 2003 చివర్లో ఇళ్లకు వాడే చెక్కలో, కుళ్లకుండా పట్టించే ఆర్సెనిక్ మందు ఆపేశాక వచ్చిన మందుల్లో రాగి ఎక్కువ, అది మామూలు ఇనుమును తినేస్తుంది. స్తంభాలు 4x4 (అంగుళాల్లో చెప్పే సైజు) చాలంటే ఒప్పుకోకండి, 6x6 అడగండి.

కొత్త ఇల్లయితే ఇంకో చిక్కుంది. బేస్‌మెంట్ తవ్వి ఇంటి గోడ పక్కన తిరిగి నింపిన మట్టి చాలా ఏళ్లు కుంగుతూనే ఉంటుంది. గోడకి 5 అడుగుల లోపు ఫుటింగ్ వస్తే 42 అంగుళాలు కూడా చాలదు, ఇంటి ఫుటింగ్ ఉన్న లోతుకే దింపాలి.

పర్మిట్ అక్కర్లేదని ఎవరన్నా నమ్మకుండా మీ సిటీ లేదా టౌన్‌షిప్ బిల్డింగ్ డిపార్ట్‌మెంట్‌కి మీరే ఫోన్ చేయండి. పర్మిట్ ఉంటే కాంక్రీట్ పోయకముందే ఇన్‌స్పెక్టర్ వచ్చి గోతులు చూస్తాడు. మా డబ్బును కాపాడగలిగి ఉండేది ఆ ఒక్క తనిఖీయే, కాంట్రాక్టర్ తప్పించుకున్నదీ దాన్నే. మిచిగన్‌లో 600 డాలర్లు దాటిన పనికి లైసెన్స్ తప్పనిసరి. లారా (LARA, లైసెన్సులు చూసే మిచిగన్ ప్రభుత్వ శాఖ) వెబ్‌సైట్‌లో కాంట్రాక్టర్ పేరు కొడితే ఉందో లేదో తెలుస్తుంది. తవ్వేముందు 811కి కాల్ వెళ్లిందో లేదో కూడా కనుక్కోండి. గ్యాస్ లైన్ ఎక్కడుందో వాళ్లే గుర్తు పెట్టి వెళ్తారు, ఖర్చు లేదు.

ఫుటింగ్ లోతు, వెడల్పు, బేస్ రకం కాంట్రాక్టులో రాయించండి. చివరి ఇన్‌స్పెక్షన్ పాసయ్యేదాకా మిగతా డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.