వరిగడ్డి చుట్టే చిన్న బేలర్: సార్వా, దాళ్వా రెండింటా వాడి చూశాక

పాడి ఉన్నవాళ్ళు చాలామంది ఈ గుండ్రటి బేలర్ కొనాలా, అద్దెకు పిలవాలా అని అడుగుతున్నారు. గోదావరి డెల్టాలో సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) రెండు పంటల గడ్డీ దీంతోనే చుట్టిస్తున్న అనుభవంతో రాస్తున్నాను. మిషన్ మంచిదే. కానీ గడ్డి ఆరిందో లేదో అది చూడదు, ఏది వేస్తే అది చుట్టేస్తుంది. ఏడాది పొడుగునా గేదెలు ఏం తింటాయన్నది ఆ ఆరబెట్టడంలోనే ఉంది.

హార్వెస్టర్ కోసిన గడ్డి నలిగి ముక్కలై పడుతుంది. కొడవలి కోత గడ్డితో వేసిన వామి మీద వాన పడితే తాటాకు కప్పు మీద పడినట్టు జారిపోయేది. ఈ ముక్కల గడ్డిని వామి వేస్తే నీరు లోపలికి దిగిపోతుంది. అందుకే మోపులు కట్టించి, పైన కప్పు ఉన్నచోట పెట్టుకోక తప్పదు.

సార్వా గడ్డే కష్టం. కోత అయ్యాక రెండు మూడు ఎండలు తగలాలి, మధ్యలో ఒకసారి తిరగేయాలి. మంచు పూర్తిగా విడిచాక, అంటే 11 గంటల ప్రాంతంలో మొదలుపెట్టి, చల్లగాలి తిరిగేలోపు ఆపేయాలి. ఆకు గలగలలాడుతోంది కదా అని చుట్టించొద్దు, కణుపుల్లో తేమ దాగి ఉంటుంది. గుప్పెడు గడ్డి మెలిపెడితే కణుపు దగ్గర పుటుక్కున విరగాలి. వంగిందంటే ఇంకో ఎండ కావాలి. పచ్చిమీద చుట్టిన మోపు రెండు మూడు రోజులకే లోపల వేడెక్కుతుంది, చెయ్యి దూర్చితే తెలుస్తుంది. కట్లు కోసి మళ్ళీ ఆరబోయడం తప్ప దారి లేదు. బూజు గడ్డి మేపితే గేదెలకు తోక, చెవుల చివర్లు కుళ్ళే డెగ్నాలా జబ్బు రావచ్చు. అలాంటి మోపు పెంటకుప్పలో వేయండి, పశువుకు పెట్టకండి.

దాళ్వాలో ఇంకో రకం తంటా. ఏప్రిల్ ఎండకు గడ్డి పెళుసెక్కి, బేలర్ ముందు గడ్డిని ఎత్తే పికప్ ముళ్ళు తగలగానే ఆకంతా పొడై రాలిపోతుంది. ఎండ ముదరకముందే పొద్దున చుట్టిస్తే ఆ నష్టం తగ్గుతుంది.

మాది 45 హెచ్‌పీ ట్రాక్టరు, ఎక్కడా ఇబ్బంది పడలేదు. పీటీఓ, అంటే బేలర్‌ను తిప్పే ట్రాక్టరు వెనక షాఫ్టు, నిమిషానికి 540 చుట్ల దగ్గర నిలకడగా తిరగాలి. గడ్డి వరుస పికప్ కంటే సన్నగా ఉంటే కాస్త ఎడమకీ కాస్త కుడికీ మార్చుకుంటూ నడపాలి, లేకపోతే మోపు ఒకవైపు లావుగా, రెండోవైపు వదులుగా వస్తుంది. మోపు నిండిన బజర్ మోగగానే ముందుకు పోవడం ఆపాలి. తాడు చుట్టుకుంటుండగా ఇంకా గడ్డి లాగితే జామ్ అవుతుంది. ఆ జామ్ తీసేముందు పీటీఓ ఒక్కటే కాదు, ఇంజిను కూడా ఆపండి. చేతులు పోయేది అక్కడే.

రోలర్ చివర్లలో గడ్డి చుట్టుకుని బేరింగులు కాలిపోతాయి, ఎండాకాలం నిప్పు కూడా అంటుకోవచ్చు. రోజూ పొలంలోకి దిగేముందు ఆ గడ్డి లాగేసి, చైన్లకు నూనె పెట్టాలి. షియర్ బోల్టు (లోడు ఎక్కువైతే ముందు తానే తెగి మిషన్‌ను కాపాడేది) తెగితే అదే రకం బోల్టు వేయాలి. గట్టిది బిగిస్తే దెబ్బ గేర్‌బాక్సుకు తగులుతుంది. పొలంలో చైన్ హార్వెస్టర్ తిరిగిన గాళ్ళుంటే పికప్‌ను కొంచెం ఎత్తి నడపండి. నాలుగు పరకలు మిగిలినా పరవాలేదు, మట్టి గడ్డి పశువు ముట్టదు.

తాడు విషయంలో నా ఓటు జనపతాడుకే. ఎలుకలు కొరుకుతాయి, నిజమే. కానీ ప్లాస్టిక్ తాడు ముక్క గడ్డిలో కలిసి పొట్టలోకి వెళితే అరగదు, బయటికీ రాదు. ప్లాస్టిక్కే వాడక తప్పకపోతే మోపు విప్పినప్పుడే తాడు మొత్తం లెక్కగా తీసి పక్కన పెట్టాలి.

బాగా ఆరిన మోపు మాకు 16 నుంచి 20 కిలోలు తూగుతుంది. పచ్చిమేతతో పాటు పది గేదెలకు రోజుకు మూడు మోపులు సరిపోతాయి. బరువు తెలియడం వల్ల ఇంకో లాభం, యూరియాతో మాగబెట్టే లెక్క సులువవుతుంది. 20 కిలోల మోపులు ఐదు విప్పి, 4 కిలోల యూరియా 50 లీటర్ల నీళ్ళలో పూర్తిగా కరిగించి పొరపొరకూ చల్లి, గాలి చొరబడకుండా 21 రోజులు కప్పాలి. తీశాక ఘాటు పోయేదాకా ఆరనిచ్చి పెట్టాలి. ఆరు నెలల్లోపు దూడలకు మాత్రం వద్దు.

పది, పదిహేను పశువులున్నవాళ్ళకు సొంతంగా కొనడం దండగ, అద్దె చాలు. అయితే అద్దె మోపు లెక్కన తీసుకుంటారు. వదులుగా చుడితే మోపులు పెరుగుతాయి, గడ్డి పెరగదు. మొదటి ఐదారు మోపులు కాటా వేయించి, బరువు తగ్గితే అక్కడే ప్రెషర్ పెంచమనండి.