ఘాట్ రోడ్డుకి ముందు చక్రానికి బటన్ టైరు, చాలాకాలం వాడాక నా మాట

టైరు కంపెనీ పేరు రాయను, ఎందుకంటే నా కోపం కంపెనీ మీద కాదు, బైకు ముందు చక్రానికి వేసే ఈ గళ్ళు గళ్ళుగా ఉండే బటన్ టైరు మీద. కొత్తలో దీన్ని తెగ పొగిడాను, మా వాళ్ళలో ఇద్దరు ముగ్గురు నా మాట విని వేయించుకున్నారు కూడా. వానలో గ్రిప్ బాగుంటదని అప్పుడు అన్నది ఇప్పటికీ నిజమే, కాకపోతే సగం అరిగేదాకానే.

మాది ఒడిశాలోని సెమిలిగుడ. ఆంధ్రా వైపు సాలూరులో పని పడుతూనే ఉంటది, అంటే పొట్టంగి దాటి సుంకి ఘాట్ దిగాలి, మళ్ళీ ఎక్కాలి. ఆ రోడ్డు తెలిసినోళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, మలుపు తిరిగితే లారీ, దాని వెనకాల ఇంకో లారీ, బ్రేకు మీంచి చెయ్యి తీసే పని లేదు. దిగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదకే వస్తది, అరుగుడూ అక్కడే మొదలు.

ముందు చప్పుడు వచ్చింది. స్పీడు 40 దగ్గరకి రాగానే గుర్రుమని మోత, బ్రేకు వేస్తే హ్యాండిల్లో సన్నగా వణుకు, ఇంకాస్త స్పీడు పెంచితే తగ్గినట్టే తగ్గి మళ్ళీ స్లో అయ్యేటప్పుడు మొదలు. మా దగ్గరి మెకానిక్ చక్రం లేపి తిప్పి చెవి పెట్టి విని బేరింగులు పోయాయన్నాడు, మార్చాం, మోత అలాగే ఉంది. అయితే బ్రేక్ ప్యాడ్లే అన్నాడు, అవీ మార్చాం, డబ్బులు పోయాయి తప్ప మోత పోలేదు.

సాలూరు అంటే లారీల ఊరు కదా, టైరు అరుగుడు చూసి బండి జబ్బు చెప్పేవాళ్ళు అక్కడ దొరుకుతారు. ఓ పంక్చర్ షాపు పెద్దాయన స్పానర్ కూడా పట్టలేదు. టైరు మీద అరచెయ్యి పెట్టి ముందుకి నిమిరాడు, వెనక్కి నిమిరాడు, తర్వాత నా చెయ్యి పట్టుకుని నాచేతా అదే చేయించాడు. ఒక వైపుకి నున్నగా జారిపోతోంది, రెండో వైపుకి రంపం పళ్ళలా చేతికి తగులుతోంది. "ఇదేటి బాబూ, దీనికి బేరింగులు మార్చీసినారా? ఇది టైరు మోత" అన్నాడు. ప్రతి గడికీ ఒక అంచు ఎత్తు, ఇంకో అంచు పల్లం, అవి వరసగా రోడ్డుకి కొట్టుకుంటుంటే వచ్చే చప్పుడది.

ఆయన గాలి కొలిచే గేజి పెడితే ముందు టైరులో 18 పాయింట్లు (పీఎస్ఐ) ఉంది. నా బండికి కంపెనీ చెప్పింది ముందు 25, వెనక ఒక్కడికైతే 28, ఇద్దరికి 32. అంతకుముందే ఓ బంకులో గాలి పట్టించా, అక్కడి మిషను చక్కగా 25 చూపించింది. లీకు ఉందేమో అని వాల్వు మీద సబ్బు నీళ్ళు పోసి చూశాడు, ఒక్క బుడగ రాలేదు. తర్వాత సొంత గేజి కొనుక్కుని అదే బంకుకి వెళ్ళి చూస్తే ఆరేడు పాయింట్ల తేడా, అడిగితే "అందరికీ ఇదే కదా" అంట! గాలి తక్కువ ఉన్న టైరుకి గళ్ళు ఒక్కోటి విడివిడిగా వంగుతాయి, దాని మీద ఘాట్లో బ్రేకు పడితే ఇంక అరుగుడు సమానంగా ఎందుకుంటది. పైగా ముందు ఫోర్కు (షాకబ్జార్బరు) ఆయిల్ సీలు ఒకటి చెమ్మగిల్లి ఉంది, ముందు చక్రం లేపి ఫోర్కులు పట్టి ఊపితే హ్యాండిల్ తిరిగే చోట ఉండే కోన్ సెట్ టక్ టక్ మంటోంది. సీల్సూ ఆయిలూ మార్చి కోన్ సెట్ బిగించాక వణుకు పోయింది గానీ అరిగిన గళ్ళు తిరిగి మొలవవు కదా, మోత ఉండిపోయింది.

కుడి పక్క ఎక్కువ అరిగి ఉంటే చాసిస్ వంకరేమో అని కంగారు పడ్డా. అది మాత్రం మామూలేనంట. మనం ఎడమ పక్క నడుపుతాం, రోడ్డు మధ్యలో ఎత్తుగా ఉండి ఎడమకి వాలి ఉంటది, అందుకని బండి నిటారుగా వెళ్ళినా టైరు కుడి భాగమే ఎక్కువ ఆనుతది, దానికి తోడు కుడి మలుపుల్లో మనం బయటి వైపు ఉంటాం కాబట్టి దూరం కూడా ఎక్కువ.

నా అసలు బాధ ఏంటంటే టూవీలర్‌కి 0.8 మిల్లీమీటర్ల లోతు ఉంటే రూలు ప్రకారం చాలు, దీనికి అంతకన్నా బోలెడు ఉంది, అరుగుడు హద్దు చూపించే టీడబ్ల్యూఐ గుర్తు ఇంకా ఎక్కడో కిందుంది, అయినా తీసి పడేయాల్సి వచ్చింది. తిరగేసి ఎక్కించు, సమానమైపోద్ది అని ఒకడు సలహా ఇచ్చాడు. సైడు మీద బాణం గుర్తు ఊరికే వెయ్యరు కదా, సుంకి ఘాట్లో ఆ ప్రయోగం నాకొద్దు.

ఇప్పుడు ముందు మామూలు రిబ్ టైరు, నిలువు గీతలది. దిగేటప్పుడు గేరు తగ్గించి ఇంజిన్ పట్టు మీద దింపుతున్నా, బ్రేకు ఆగి ఆగి వేస్తున్నా. గాలి పొద్దున్నే బండి తియ్యకముందు చల్లగా ఉన్నప్పుడే చూస్తా, సాలూరు ఎండలో వేడి టైరుకి 25 పట్టిస్తే చలికాలం పొద్దున సెమిలిగుడలో రెండు మూడు తక్కువ చూపిస్తది. ఇప్పటిదాకా మోత లేదు. కానీ లోపలి ఊళ్ళ మట్టి రోడ్డు మీద, బురదలో, దీనికి ఆ పాత పట్టు లేదు, ఉన్నట్టు చెప్పలేను. రోజూ మట్టి రోడ్డే అయితే బటన్ టైరే నయమేమో, గేజి మాత్రం సొంతంగా కొనుక్కోండి.

వెనక మాత్రం అదే బటన్ టైరు ఉంచేశా, అక్కడ ఇంకా మోత మొదలవలేదు. ఇంట్లోవాళ్ళు అదీ మార్చెయ్యమని గోల, వానాకాలం అయ్యాక చూద్దాం అంటున్నా.